దేవునికి మొక్కిన కోడి

తార్నాకలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆవిడ ఒడిలోని బుట్టలో ఓ కోడిపెట్ట ఉంది. యూనివర్సిటీ క్వార్టర్స్ పెరట్లో పెంచిందట. ఈకలు నిగనిగలాడుతుంటే, ఏం పెడుతున్నారని అడిగాను.

"పొద్దున గుప్పెడు జొన్నలు, మాపటికి గుప్పెడు. ఎక్కువేస్తే కొవ్వు పట్టి గుడ్లు పెట్టది. బిడ్డ దవాఖానల ఉంటే, మంచిగైతే చర్చికి ఇస్తనని మొక్కిన. దీనికి ఒక్క పూట తప్పలే అక్కా. బిడ్డకే ముద్ద దిగలే."

"ఇప్పుడెలా ఉంది?"

"పోయిన వారం మట్టిచ్చినం."

బైబిల్లోని ఆదరణ వాక్యాలు నాకు చాలా కంఠస్థం. ఒకటి మొదలుపెట్టాను.

"వాక్యం వద్దక్కా."

"మరి కోడిని ఎందుకు ఇస్తున్నారు?"

"దేవుడు, నేను, ఇద్దర్ల ఒక్కరమన్న మాట మీదుండాలె గద."

బుట్ట పట్టుకుని మెట్టుగూడలో చర్చి దగ్గర దిగిపోయింది.

నేనిప్పటికీ ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్తాను. చావింటికి వెళ్తే మాత్రం, వాళ్లు అడిగేదాకా బైబిలు తెరవను.