పెద్దమ్మ కొట్టనియ్యని చెట్లు

పోయిన బేస్తారం మా పక్క చేను పెద్దమ్మ కన్నుమూసింది. బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడ చెరుకు బండ్ల వరుసల ఉన్న, మా ఊరు మోస్రా ఆయన ఒకడు వచ్చి చెప్పిండు. పగ్గం పట్టుకొనే ఏడ్చిన. బండి తమ్మునికి ఒప్పజెప్పి ఊరికి ఉరికిన.

మీకు ఆమె తెల్వదు, చెప్త. నిజాంసాగర్ కాలువను నమ్ముకొని గోదావరి సముద్రంల కలిసే దిక్కు నుంచి వచ్చిన ఇల్లు వాళ్లది. నేను "గిట్ల రా పెద్దమ్మా" అంటే, "గిట్లంటే ఎటురా అబ్బాయ్?" అని పొద్దంతా ఆటపట్టించేది.

మా చేన్లన్నీ వాగు దాకా ఉండె. ఫ్యాక్టరీ ఎంత చెరుకైనా తీసుకునే రోజులు. ఒడ్డు మీది కానుగ, నల్లమద్ది, ఈత చెట్లన్నీ కొట్టి నీళ్ల అంచు దాకా చెరుకు పెట్టినం. పెద్దమ్మ ఒక్కతే కొట్టనియ్యలే. కొడుకు గొడ్డలి తెస్తే పోయి చెట్ల నడుమ కూసుంది.

"గంత జాగ ఉత్తగ పోతుంది గదా పెద్దమ్మా!" అన్న.

"ఉత్తినేనా? మా ఊళ్లో మడ అడవి ఉండేదిరా. ఉప్పు బురదలో పెరిగే చెట్లు. వాటి వేళ్ల సందునే రొయ్యలు, పీతలు పెరిగేవి, ఊరంతా వాటి మీదే బతికేది. గాలివానొస్తే అల జోరు ఆ చెట్లే ఆపేవి. వంటకి కట్టెలని మా వాళ్లే నరికేశారు. ఆనక ఉప్పునీరు చేలోకొచ్చేసింది. అందుకే ఇక్కడ పడ్డాం. మళ్లీ ఎక్కడికి పొమ్మంటావ్ నన్ను?"



ఎండకాలం ఆ నీడకు మా ఎడ్లను గూడ తోలుకరమ్మనేది. తేనె దించితే ఒక గిన్నె మా ఇంటికొచ్చేది. కానుగాకు ఎరువని మడిల తొక్కించేది. వాగు పొంగితే మా మన్ను కొట్టుకపోయేది, ఆమె ఒడ్డు నిలిచేది. "ఏడవకండర్రా, మీరూ పెట్టండి" అని మొక్కలిచ్చింది. పెట్టినం. ఏడున్నా సల్లగుండాలె ఆమె.

కొడుకు మాత్రం వినలే. "మా అమ్మ ఉన్నన్నాళ్లేలే ఈ చెట్లు" అని నవ్వేటోడు. బోధన్ నుంచి ఉరికొచ్చిన తొవ్వ పొడుగునా నాకు గదే బుగులు.

నేను పోయేసరికి చితికి కట్టెల ముచ్చట నడుస్తున్నది. ఎవరో ఒడ్డు దిక్కు చెయ్యి చూపిండు. నేను కొడుకు దిక్కు చూసిన.

కొడుకు కండ్లు తుడుసుకొని లేచిండు. "వాటి జోలికెళ్లొద్దు. అమ్మ ఊరుకోదు" అన్నడు. బండి కట్టుకొని బోధన్ పోయిండు, నేను గూడ ఎక్కిన.

కట్టెలతోటి వాగొడ్డు బాట పట్టి వస్తుంటే కానుగ కొమ్మ ఒకటి బండికి అడ్డం తగిలింది. కొడుకు కిందికి దిగి, విరగకుండ రెండు చేతులతోటి పైకెత్తి పట్టుకున్నడు, బండి దాటేదాక.