జప్తు కాని కుట్టు మిషను

జమ్మలమడుగు కోర్టులో అమీనాగా నా చివరి ఏడాది అది. ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు జప్తు వారెంటు తీసుకుని ఖాదర్ బాషా టైలరింగ్ అంగడికి పోయాను. డిక్రీ పడినా డబ్బు కట్టనివాడి సామాను, సాక్షులుగా పిలిచిన పంచుల ఎదుట పట్టీ రాసి స్వాధీనం చేసుకోవడం అమీనా పని. నాకు చదువు ముప్పై దాటాక వచ్చింది. వారెంటు రెండుసార్లు కూడబలుక్కుని చదివితే గానీ గడప తొక్కేవాణ్ణి కాదు.

డిక్రీ తెచ్చుకున్నది మహబూబ్బీ. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత ఖాదర్ బాషా ఆమెకు తలాక్ ఇచ్చి, ప్రొద్దుటూరులో ఇంకో నిఖా చేసుకున్నాడు. నిఖానాడు ఇస్తానని ఒప్పుకున్న మెహర్ సొమ్ము, ఆమె బతుకుదెరువుకు తగిన ఏర్పాటు, రెండూ ఇవ్వాలని కోర్టు చెప్పింది. రూపాయి ఇవ్వలేదు. ఇల్లు కొత్త భార్య పేర ఉంది, అంగడి బాడుగది. మిగిలింది కరెంటు కుట్టు మిషను ఒక్కటే. వేలంలో దాన్ని తనకు రావాల్సిన బాకీ కింద తనే పాడుకుని, ముద్దనూరులో తమ్ముడింటి వసారాలో కుట్టుకోవాలని మహబూబ్బీ ఆశ.

మిషను మీద చేయి వేయగానే ఖాదర్ బాషా అడ్డమొచ్చాడు.

“పనోడి సామాను ముట్టుకోగూడదప్పా. వకీలు చెప్పినాడు.”

నిజమే. చేతిపనితో బతికేవాడి పనిముట్లు జప్తు చేయరాదని చట్టంలో ఉంది.

“ఎవురప్పా పనోడు?” అని, సొత్తు చూపించడానికి నా వెంట వచ్చిన మహబూబ్బీ లేచింది. “కత్తెర పట్టుకోని ముచ్చట్లు చెప్పేదీ పనేనా? ముప్పై ఏండ్లు కుట్టింది నేను. సూదిలో దారమెక్కియ్యమను, సూస్తాం.”

“కండ్లు ఆనడం ల్యా,” అన్నాడతను.

“రెండో పెండ్లికి బాగనే ఆనినాయే!” అంది పంచుగా వచ్చిన టీ అంగడి వెంకటమ్మ.

నవ్వులాటతో జప్తు జరగదు. అమీనా విచారణ చేయకూడదు. మిషను రసీదు అతని పేర, లైసెన్సు అతని పేర, బోర్డూ అతనిదే. జప్తుకు తగిన సొత్తు లేదని రాశాను. కోర్టులో అర్జీ పెట్టుకోమని మహబూబ్బీకి చెప్పాను.

“మల్లా వకీలుకు దుడ్లు యాడనుంచి తెద్దునప్పా?” అంది.

కష్టం చేసేవాడి పనిముట్టును చట్టం కాపాడుతుంది. కష్టం ఎవరిదో మాత్రం రసీదు చూసి తేలుస్తుంది. తర్వాత నన్ను సలహా అడిగిన ప్రతి ఆడమనిషికీ ఒకటే చెప్పాను: కాపురం బాగున్నప్పుడే మిషను నీ పేర కొను.

ఆ రోజు అక్కడున్నది నేను, మహబూబ్బీ, ఖాదర్ బాషా, పంచులుగా వెంకటమ్మ, పీరాసాబు. నిఖానాడు మహబూబ్బీ మెహర్‌కు సాక్షి సంతకం పెట్టింది ఈ పీరాసాబే. సొత్తు లేదన్న కాగితం మీదా అతనే పెట్టాడు.