ముగ్గురూ పలకని పేరు

కోట అనే ఊరికి తూర్పున, సముద్రం పక్క పల్లెలో పిచ్చమ్మ ఎండుచేపలు అమ్ముకుని బతుకుతుంది. పుట్టిందీ పెరిగిందీ చేపల వాసనలోనే. అలాంటి మనిషికి మొన్న వేసవిలో అన్నం సయించలేదు.

ఊరి ఉప్పుకాలువలో చేపలు చచ్చి తేలాయి. ఎండకు పొట్టలు ఉబ్బి పగిలాయి, పురుగులు పట్టాయి. కాలువ గట్టునే పిచ్చమ్మ ఇల్లు. మంచినీళ్ల బిందె మీదా ఈగలే. ముద్ద నోటిదాకా తెచ్చుకుని మళ్లీ కంచంలోనే పెట్టేసేది.

వాటిని ఎత్తి పూడ్చేవాళ్లు లేరు. ఎందుకు చచ్చాయో చెప్పేవాళ్లు మాత్రం ముగ్గురు తేలారు. పోలేరమ్మ కొలుపులో ఏదో లోపం జరిగిందన్నాడు గుడి పెద్ద పద్మనాభయ్య. ఇవి అంత్యదినాల సూచనలన్నాడు పాస్టరు హెబ్రోను. నీళ్లలో ఆక్సిజన్ తగ్గిందనీ, తక్కినదంతా మూఢనమ్మకమనీ అన్నాడు హైస్కూలు సైన్సు మాస్టరు సుశీల్ కుమార్. తుపాను షెల్టరు వరండాలో ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని పొద్దస్తమానం వాదించుకున్నారు. ఒకరి దేవుణ్ణి ఒకరు, ఒకరి చదువును ఒకరు తిట్టుకునేదాకా పోయింది.

పిచ్చమ్మ పక్కింటి రెబెక్కమ్మను పిలిచింది.

"పార ఎత్తుకో మే. వీళ్లు తేల్చేలోపల మనకు రోగాలొస్తాయి."

ఇద్దరూ బురదలో దిగారు. పట్టుకుంటే చేప చేతిలోనే విడిపోయి జారేది. రెబెక్కమ్మ వాంతి చేసుకుని "ప్రభువా" అంది. పిచ్చమ్మ "అమ్మా, పోలేరమ్మా" అంది. ఒకరి మాట ఇంకొకరికి అడ్డం రాలేదు.

ఏరుకుంటూ ఎగువకు వెళితే గొట్టం దగ్గర తేలారు. కిషోర్ బాబు రొయ్యల గుంటల్లోంచి నల్లటి నీళ్లు కాలువలోకి పడుతున్నాయి. ఆ గొట్టం ఊళ్లో అందరూ ఎరిగిందే.

పిచ్చమ్మ బురద చేతులతోనే వరండా ముందుకు వచ్చింది.

"అయ్యా, ఈ కంపు మీ ముగ్గురికీ వస్తా ఉండాదా?"

వస్తోందన్నారు.

"కిషోర్ బాబు గొట్టంలో నల్లనీళ్లు ముగ్గురికీ కనపడతా ఉండాయా?"

ముగ్గురూ ముక్కుల మీది తువ్వాళ్లు సర్దుకున్నారు.

"ఆయన గుడికి ప్రాకారం కట్టిస్తా ఉండాడు పిచ్చమ్మా," అన్నాడు పద్మనాభయ్య.

"చర్చికి రేకులు వేయించినాడు. తీర్పు తీర్చేదానికి మనమెవరం?" అన్నాడు హెబ్రోను.

"ఆక్సిజన్ తగ్గడానికి చాలా కారణాలుంటాయమ్మా. స్కూలుకు ల్యాబు ఇచ్చిన మనిషిని రుజువు లేకుండా అనకూడదు," అన్నాడు సుశీల్ కుమార్.

పొద్దుట్నించీ కలవని ముగ్గురూ అక్కడ కలిశారు. కుళ్లిన చేపను ముట్టుకున్నప్పుడు కూడా పిచ్చమ్మకు అంత రోత పుట్టలేదు.

"దేవుణ్ణి నమ్ముకోండి, సైన్సును నమ్ముకోండి, నాకేం. కండ్లారా చూసింది చెప్పేదానికి ఏ నమ్మకం కావాలయ్యా?" అని, పక్కకు తిరిగి ఉమ్మేసి వెళ్లిపోయింది.

మర్నాడు రెండు వీధుల ఆడవాళ్లూ కలిసి మండలాఫీసుకు పోయారు. గుడి వీధి, చర్చి వీధి కలిసి ఒక పనికి పోవడం ఆ ఊళ్లో అదే మొదలు. అధికారులు వచ్చి చూశారు. గొట్టం మూయించలేదు. కిషోర్ బాబు దాన్ని పక్క ఊరి కాలువలోకి తిప్పించాడు. ఇక్కడ కంపు తగ్గింది. కొలుపు ఫలించిందని ఒకరు, ప్రార్థన ఫలించిందని ఒకరు, వానకు నీళ్లు తేటపడ్డాయని ఒకరు చెప్పుకున్నారు.

పక్క ఊళ్లో చేపలు తేలుతున్నాయని తెలిసినరోజు పిచ్చమ్మ మళ్లీ అన్నం ముట్టలేదు. రెబెక్కమ్మను తీసుకుని ఆ ఊరి ఆడవాళ్ల దగ్గరికి బయల్దేరింది. ఆ ముగ్గురూ కూర్చునే వరండా ముందు నుంచి వెళితే దగ్గర దారే. ఇద్దరూ ఇసుకలో చుట్టూ తిరిగి వెళ్లారు.