మాస్టారి పాటలు ఎండబెట్టాను

అందరూ కులాసాయేనా అండీ? నా ఈడువాళ్ళకి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బళ్ళ మీద ఉద్యోగాలకి తిరిగేవాళ్ళు క్షేమంగా ఇళ్ళు చేరుతున్నారా? పసిపిల్లల దగ్గులు తగ్గాయా? ఎవరికైనా కాస్త ఆయాసంగా ఉంటే రేపు చూద్దాంలే అనుకోకండి. మా కింద వాటాలో ఉండే మాస్టారు అలాగే అనుకున్నారు. పోయిన నెల బందరు ఆసుపత్రిలో పోయారు.

గుడివాడలో ఆయన దగ్గర కంప్యూటరు నేర్చుకున్న మీరంతా ఆయన జ్ఞాపకంగా పుస్తకం వేస్తున్నామని, నన్నూ నాలుగు ముక్కలు రాయమన్నారు. ఐదో తరగతి చదువు నాది. అక్షరాల తప్పులు మీరు దిద్దుకోండి. దిద్దలేని తప్పు ఒకటి చేశాను, అది చెప్పడానికే కూర్చున్నాను.

వాళ్ళావిడ పోయిన ఏడాదికి, ఒక మధ్యాహ్నం నేను బియ్యం చెరుగుతుంటే కింద నుంచి ఆవిడ గొంతు వినపడింది. మాట లేదు, వట్టి రాగం. పైకి పోయి చిన్నపిల్ల గొంతులా సన్నబడింది, కిందికి దిగి ముసలాయన మూలుగులా సాగింది. చేట జారిపోయింది. మెట్ల మీద నుంచే కేకేశాను.

“మాస్టారూ! ఇంట్లో ఎవరండీ?”

“నేనేనండీ, రండి అక్కయ్యగారూ. దయ్యమైనా ఈ ఉక్కకి ఉంటుందా?”

ఆయన పాత కంప్యూటరు తెర మీద నాలుగు వరసల అంకెలు గబగబా పైకి పోతున్నాయి. పంచాంగంలా ఉందేమిటండీ అన్నాను. “పంచాంగమే. ఏ ఘడియకి ఏ చప్పుడు రావాలో రాసిపెట్టాను” అన్నారు. మైకులో చప్పుడు ఒక్కసారి పట్టి, దాన్నే హెచ్చించి తగ్గించి పాటంతా అల్లుతారట. అలా చేస్తే పాట ఇంత చిన్నదైపోయి, ఫ్లాపీ అనే ఒక్కో పలచటి బిళ్ళలో బోలెడు పడతాయట.

ఆవిడ గొంతూ అలా పట్టిందే. ఒకరోజు మైకు పెట్టి ఉండగా ఆయన పిలిస్తే, వంటింట్లోంచి “ఆ, వస్తున్నా” అందిట. అందులో “ఆ” ఒక్కటే ఉంచారు.

“మిగతాదేదండీ?” అన్నాను.

“చోటు చాలక ‘వస్తున్నా’ తీసేశానండీ. మనిషి ఇంట్లోనే ఉంది కదా, ఎప్పుడైనా పట్టుకోవచ్చు అనుకున్నాను.” అంటూ కీబోర్డు మీద లేని దుమ్ము ఊదుకున్నారు.

“ఉన్న నాలుగు చప్పుళ్ళతోనే కాపురం చెయ్యాలండీ” అనేవారు. ఒకసారి మా తలుపు గడియ పదేపదే మోగుతుంటే దొంగలేమోనని హడలిపోయాను. చూస్తే మైకు పట్టుకుని ఆయన. “మీ గడియ మంచి తాళంలో ఉందండీ. ఇంకొక్కసారి వెయ్యనా?” నేను తిట్టాను. నా తిట్లు కూడా ఆయన పట్టుకున్నారేమోనని మళ్ళీ భయపడ్డాను.

ఆయనది అవనిగడ్డ వైపు. ఉప్పెనల దివిసీమలో పుట్టినవారికి నీళ్ళ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మొన్నటి వానల్లో ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి వెళ్తూ, ఫ్లాపీల పెట్టె పైకి తెచ్చి నా చేతిలో పెట్టారు. కంప్యూటరు లోపల ఉన్న పాటలు అప్పటికే పాడైపోయాయట, మిగిలినవి అవేనట. “కిందకి నీళ్ళొస్తాయండీ. మీ దగ్గరైతే భద్రం.”

కింద వాటాకి చుక్క నీరు రాలేదు. నా కిటికీలోంచే జల్లు కొట్టి పెట్టె తడిసింది. తడిసిందేదైనా ఎండబెట్టాలి. మనకి తెలిసిన వైద్యం అదొక్కటే కదా. మర్నాడు ఎండ కాయగానే డాబా మీద చీర పరిచి, అప్పడాలు పరిచినట్టు ఫ్లాపీలన్నీ వరసగా పరిచాను. కాకులు ఎత్తుకుపోతాయని పక్కనే కర్ర పట్టుకుని కూర్చున్నాను కూడా. సాయంత్రం తీస్తే వంకర్లు తిరిగి ఉన్నాయి.

మాస్టారు సగమై తిరిగొచ్చారు. మెట్లెక్కలేక కింద నుంచే అడిగారు. “ఫ్లాపీలు భద్రమేనా అక్కయ్యగారూ?”

“భద్రమేనండీ” అన్నాను. కాస్త కోలుకున్నాక చెబుదామనుకున్నాను. ఆయన కోలుకోలేదు, మళ్ళీ బందరు ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు.

బందరులో ఉండే వాళ్ళమ్మాయి నిన్న ఫోను చేసింది, ఫ్లాపీలు తీసుకెళ్తానని. ఈసారి దాచలేదు, అంతా చెప్పేశాను.

“ఎర్ర చీటీ అంటించినది కూడా ఎండలో పెట్టారా అత్తా?”

“అన్నీ పెట్టానమ్మా.”

“అమ్మ గొంతు ఉన్నది అదొక్కటే. ఇంక వాటిని ముట్టుకోకండి. తుడవకండి, సరిచెయ్యకండి. వాటిని బాగుచెయ్యడం తెలిసినాయన్ని వెంటబెట్టుకొస్తాను.”

“నన్ను తిడతావా అమ్మా?”

“తెలీదత్తా. ముందు విననివ్వండి.”

ముట్టుకోవడం లేదు. గంటకోసారి వెళ్ళి చూసి వస్తున్నాను. ఎర్ర చీటీది బల్ల మీద ఉంది, ఒక అంచు బల్లకి ఆనడం లేదు. ఆ సందులోంచి అవతలి వెలుతురు సన్నగా కనిపిస్తోంది. అమ్మాయి వచ్చేది వచ్చే నెల రెండో ఆదివారం, ఉదయం బందరు బస్సుకి.