దూది గదిలో మెటల్ పాట

తిరువూరులో మాది పరుపుల షాపు. ఊళ్లో చాలామంది మా పరుపుల మీదే పడుకుంటారు. మా నాన్న మాత్రం గడ్డలు కట్టిన పాత పరుపు మీద పడుకుని, పొద్దున్నే నడుం పట్టేసి గోడ పట్టుకుని లేచేవాడు.

ఆ పరుపు అమ్మ కుట్టింది. మా దూదేకులవాళ్లలో మా ఇంటి పద్ధతి ఏంటంటే, దూది ఏకి గడ్డలు విడగొట్టడం మగవాళ్లు, కుట్టడం ఆడవాళ్లు. దూది పరుపు రెండు మూడేళ్లకోసారి విప్పి, దూది మళ్లీ ఏకి, కుట్టుకోవాలి. లేకపోతే రాళ్ల మీద పడుకున్నట్టే. ఇది వచ్చినవాళ్లందరికీ నాన్నే చెప్తాడు. అమ్మ పోయాక తన పరుపు సంగతి వచ్చేసరికి మాత్రం "చూద్దాంలేరా" అనేవాడు. విప్పాలంటే అమ్మ కుట్టు కొయ్యాలి. అది ఆయన వల్ల కావడం లేదు. నాకు తెలుసు. తెలిసి కూడా రోజూ ఆయన మీద విసుక్కునేవాణ్ణి, ఎందుకంటే ఆ నడుం చూస్తే నాకు కడుపు మండిపోయేది.

ఇలా ఉండగా మేం పాట మొదలుపెట్టాం. మేం అంటే నేను, నా స్కూలు స్నేహితుడు. వాడు ఎ.కొండూరు వైపు లెక్కల మాస్టారు, ఆదివారం చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు. నేను షాపులో కూర్చుంటాను, ఖాళీ ఉంటే గిటారు. కుర్రవాళ్లప్పటి నుంచి ఇద్దరికీ హెవీ మెటల్ పిచ్చి. నలభైకి దగ్గర పడినా వదల్లేదు. మా సంగీతం పెళ్లిళ్లకి పనికిరాదు, పండగలకి పనికిరాదు. పిలిచి వాయించమనేవాడు జిల్లాలో లేడు. సరే, మన సొంత పాట ఒక్కటైనా రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెడదాం, తర్వాత సంగతి తర్వాత అనుకున్నాం.

మాటలు నేనే రాశాను. మెటల్ పాటల్లో దెయ్యాలూ యుద్ధాలూ ఉంటాయి. నాకు వాటితో పరిచయం లేదు. నాకు తెలిసిందల్లా షాపు. "విప్పు, దులుపు, ఎండలో వెయ్యి, గడ్డ గడ్డా విడగొట్టు" అని గొంతు చించుకుని అరిచే పాట రాశాను. మేడ మీద నాన్న పరుపు అలా ఉండగా కింద కూర్చుని ఇది రాశానని నా బుర్రకి అప్పుడు తట్టలేదు.

రికార్డింగుకి విజయవాడ వెళ్లే స్తోమత లేదు. అవసరమూ లేదనుకున్నాం. షాపు వెనక దూది గది ఉందిగా. జనం తెచ్చిన పాత పరుపుల దూది మూటలు అక్కడ పై దాకా పేర్చి ఉంటాయి. దూది ఏకే మిషను ఆపితే లోపల మన ఊపిరి మనకే వినపడుతుంది. ఇంతకంటే మంచి స్టూడియో ఎక్కడుంటుందని మా ధీమా. నాలుగు గోడలకీ మూటలు ఆనించి, తలుపుకి కూడా రెండు అడ్డం పెట్టి, ఇద్దరం చెమటలు కక్కుతూ డ్రమ్స్ రికార్డు చేశాం.

లాప్‌టాప్‌లో పెట్టి వింటే ప్రాణం ఉసూరుమంది. వాడు చెయ్యి నొప్పి పుట్టేలా కొట్టిన దెబ్బ ఒక్కటీ మోగలేదు. చప్పుడంతా దూది తాగేసింది. నాన్న టీ తాగుతూ గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఎవరో దిండు బాదుతున్నట్టుందిరా," అన్నాడు.

మాస్టారికి కోపం వచ్చింది కానీ అబద్ధమని అనలేకపోయాడు. పుట్టి పెరిగింది దూదిలో, దూది చప్పుణ్ణి మింగుతుందని తెలియలేదా అని వాడు నన్ను తిట్టాడు. తెలుసు. మరీ ఇంత మింగుతుందనుకోలేదు. మర్నాడు డ్రమ్స్ ముందున్న షాపులోకి లాగి, షట్టరు సగం దించి, సిమెంటు నేల మీద మళ్లీ వాయించాడు. షట్టరు కూడా గణగణలాడింది. అది బాగుందని ఉంచేశాం.

గిటారు కుదిరింది, నా అరుపూ కుదిరింది. మొదలే కుదరలేదు. పాట మొదట్లో ఒక చప్పుడు కావాలి, గుండెల్లో దిగేది. గిటారు తీగలు ఎంత వదులు చేసినా అది రావడం లేదు. దేనికోసం వెతుకుతున్నానో నాకు చాలా రోజులకి తెలిసింది. నాన్న విల్లు.

మిషను రాకముందు దూది ఏకడానికి మనిషంత పొడుగు విల్లు ఉండేది. దానికి బిగించిన నరం మీద కొయ్య సుత్తితో కొడితే తంగుమని మోగి, ఆ అదురుకి దూది విడిపోతుంది. వయసులో నాన్న దాన్ని సైకిలుకి కట్టుకుని రెడ్డిగూడెం మామిడితోటల దాకా తిరిగేవాడు. ఇప్పుడది అటక మీద ఉంది. దింపి, తుడిచి, నరం బిగించి ఆయన ముందు పెట్టాను.

"ఊరికే రెండు దెబ్బలు కొట్టు నాన్నా, చాలు."

"ఊరికే కొట్టకూడదు," అన్నాడు. "దూది లేకుండా విల్లు మోగిస్తే పని లేక అడుక్కుంటున్నాడనుకుంటారు. మా నాన్న చంపేసేవాడు."

"దూదికేం కరువు? గది నిండా ఉంది కదా."

"అది జనం సొమ్ము. మన సరదాకి ముట్టుకోకూడదు."

మా షాపులో ఇప్పుడు అమ్మేదంతా ఫోమ్ పరుపులే. సొంత దూది అంటూ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. వినే వాళ్లు పది మంది ఉండరు, దానికింత శాస్త్రమా అన్నాను.

మాస్టారు మధ్యలో కల్పించుకున్నాడు. "బాబాయ్, రేపు నేను ఒక మూట కొత్త దూది కొనుక్కొస్తాను. అది మనదే అవుతుంది కదా."

నాన్న విల్లు నరం మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. తర్వాత లేచి మేడ ఎక్కాడు. దిగేటప్పుడు ఆయన భుజం మీద అమ్మ కుట్టిన పరుపు ఉంది. సాయం వెళ్లబోతే చేత్తోనే వద్దన్నాడు.

పరుపు నేల మీద పరిచి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఒక చివర కూర్చుని బ్లేడుతో ఆ వైపు కుట్లు ఒక్కొక్కటే తెంపాడు. చినిగిపోకుండా, దారం బయటికి లాగి పక్కన పెట్టుకుంటూ. మైకు ఆన్ చెయ్యాలని కూడా నాకు తోచలేదు, మాస్టారే చేశాడు.

దూది ఉండలు ఉండలుగా బయటికొచ్చింది. నాన్న విల్లు ఎత్తి మొదటి దెబ్బ కొట్టాడు. నేను వెతుకుతున్న చప్పుడు అదే. కానీ అప్పుడు నాకు పాట గుర్తుకు రాలేదు. ఏడుపొచ్చింది. దూది నలకలు కళ్లలో పడ్డాయని చెప్పుకోవచ్చు గానీ, ఏడుపే.

మాకు కావలసింది కాసేపట్లోనే దొరికింది. చాలు నాన్నా అని సైగ చేశాను. ఆయన చూడలేదు. ఏకడం మొదలుపెట్టాక సగంలో ఆపడు. ఆ దూది అంతా పొంగి తెల్లగా లేచేదాకా కొడుతూనే ఉన్నాడు, మధ్యమధ్య దగ్గుతూ. మేం అదంతా ఉంచేశాం. అందుకే మా పాటలో గిటారు, డ్రమ్స్, నా అరుపు అన్నీ ఆగిపోయాక కూడా ఆ విల్లు ఒక్కటే చాలాసేపు మోగుతుంది. మేం ఆన్‌లైన్‌లో పంపినవన్నీ కలిపి మిక్సింగ్ చేసిన కుర్రాడు విజయవాడ నుంచి ఫోన్ చేసి "చివర కట్ చేసెయ్యమంటారా సార్?" అని అడిగాడు. వద్దని చెప్పాను.

పాట బయటికొచ్చింది. మేం అనుకున్నదానికంటే ఎక్కువమందే విన్నారు, అయినా గొప్పగా చెప్పుకునేంత కాదు. మాస్టారి స్కూల్లో పిల్లలు మాత్రం క్లాసులో "గడ్డ గడ్డా విడగొట్టు" అని గొణుగుతున్నారట.

పరుపు మాత్రం ఏకిన రోజు సాయంత్రమే కుట్టాల్సి వచ్చింది. అమ్మ పోయాక మా కుట్టు పనంతా పక్క వీధిలో ఒకామెకి ఇస్తున్నాం. ఆమెని పిలవనా అంటే నాన్న ఒప్పుకోలేదు. సూదిలో దారం ఎక్కించి నా చేతికి ఇచ్చాడు. విప్పింది ఒక్క వైపే కదా, ఆ ఒక్క వైపే కుట్టాను. నా కుట్లు దేని దారి దానిదే. నాన్న వాటి మీద వేలితో తడిమి చూశాడు.

"మెటల్ కుట్టా ఇది?" అన్నాడు.

పరుపు మేడ మీదికి మోసి మంచం మీద వేశాను. ఆయన దాన్ని పట్టుకుని అటు తిప్పాడు, మళ్లీ ఇటు తిప్పాడు. దేనికోసం చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు. చివరికి నేను కుట్టిన వైపుకి కాళ్లు పెట్టుకుని, అమ్మ కుట్టిన వైపు తల పెట్టుకుని పడుకున్నాడు. మర్నాడు గోడ పట్టుకోకుండా లేచాడు.