కర్నల్ అడిగిన ఫొటోలు

ఆగస్టు మొదటి సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు లింగవ్వ మా కార్యాలయంలోకి వచ్చింది. నిజామాబాదులో మాజీ సైనికుల, సైనిక కుటుంబాల పనులు చూసే ఆ కార్యాలయంలో నేను అప్పటికి ఆరేళ్లుగా సూపరింటెండెంటును. పింఛన్లు, గుర్తింపు కార్డులు, పిల్లల ఉపకారవేతనాలు నా బల్ల మీదుగా పోయేవి. లింగవ్వది ఏర్గట్ల దగ్గర పల్లె. పసుపు చేలల్లో కూలికి పోయేది. ఆమె కొడుకు గంగాధర్ సైన్యంలో నాయక్, అంటే హవల్దారుకు ఒక మెట్టు కింద.

ఆమె తన ఫోను నా ముందు పెట్టింది. "మేడం, గీ ఫొటోలు కర్నల్ సాబ్‌కు పంపుండ్రి. నాకు పంపుడు రాదు."

ఆయనకెందుకు అని అడిగాను.

"పోరడు ఏడున్నడో సూసి చెప్తనన్నడు. పద్నాలుగేండ్ల సంది గా నంబరు తప్ప ఊరి పేరు ఎరుగ."

ఆ నంబరు సంగతి చెప్పాలి. సరిహద్దులో ఉన్న సైనికుడికి ఉత్తరం రాస్తే చిరునామాలో ఊరు ఉండదు. పేరు, దళం, యాభై ఆరు ఏపీఓ అన్న సైనిక తపాలా నంబరు, అంతే. మనిషి ఎక్కడున్నాడో ఇంటివాళ్లకు తెలియకూడదు, మేమూ అడగకూడదు. ఫొటోలో గంగాధర్ నవ్వుతూ నిలబడ్డాడు. వెనక సగం కట్టిన వంతెన, పక్కన కిలోమీటరు రాయి. పంపనని చెప్పి, వాటిని తీసేయమన్నాను.

"గంత పెద్ద సారు అడిగితె ఇయ్యద్దంటవా?" అంది. మా అటెండరు ఖాజా మియా, ఆయనా మాజీ సిపాయే, నవ్వాడు. "అవ్వా, మేడం సొంత మొగనికి గూడ రసీదు లేంది చాయ్ పొయ్యరు, పో."

కర్నల్ గారిది బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింద చెరకు పండించే కుటుంబం. తాతలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. యువ అధికారిగా ఉన్నప్పుడు తొడలో తూటాతో ఒక శిఖరాన్ని తెల్లవారేదాకా కాపాడినందుకు శౌర్య పతకం వచ్చింది. అది నిజం, కాగితాలు నేను చూశాను. రిటైరై వచ్చాక జెండా పండుగలకు, బడి వార్షికోత్సవాలకు, చెరకు రైతుల సభలకు ఆయనే ముఖ్య అతిథి. తల్లులకు కొడుకుల జాడ చెప్పడం మొదలుపెట్టాక ఆ గౌరవం భక్తి అయింది. ఫొటో తెప్పించుకునేవాడు, ఆ వైపు పనిచేస్తున్న పాత కింది అధికారులకు ఫోన్ చేసి, మాటల్లో మిగతాది లాగేవాడు, తల్లికి ఊరి పేరు చెప్పేవాడు. ఆమె కాళ్లు మొక్కేది.

నేను పంపలేదని తెలిసి ఆయనే ఫోన్ చేశాడు. "ఏమ్మా, తల్లి ప్రేమకి కూడా అర్జీ పెట్టుకోవాలా మీ ఆఫీసులో?" అన్నాడు. పెట్టుకున్నా చెల్లదు, నియమం అది అన్నాను. "ఆ నియమాలు పాతికేళ్లు అమలు చేసినవాణ్ణి నేను. నాకే చెప్తారా?" అని పెట్టేశాడు.

అదే రోజు మా పై అధికారికి రాసి ఇచ్చాను. ఆయన చదివి, "సాబ్ మీద రాస్తే జనం మన మీద రాళ్లేస్తరు, మేడం" అని సొరుగులో పెట్టాడు. లింగవ్వ బస్టాండు దగ్గరి ఫోన్ల దుకాణంలో పంపించుకుంది.

డిసెంబరులో కర్నల్‌ను అరెస్టు చేశారు. నేను రాసిన కాగితం సొరుగులోంచి బయటికి వచ్చింది గనుక నన్ను సాక్షిగా పిలిచారు. కోర్టులో విన్నదిది. విదేశంలో ఒక అధ్యయన సంస్థ అని చెప్పుకొని సరిహద్దు అవతలి గూఢచారులు ఆయనను వలలో వేసుకున్నారు. మొదట పాత యుద్ధం మీద వ్యాసం అడిగారు. 'ప్రధాన సలహాదారు' అన్నారు. తర్వాత వంతెనలు, రోడ్లు, ఏ దళం ఎక్కడ అన్నది అడిగారు. అప్పటికే వాళ్లెవరో ఆయనకు తెలిసిపోయింది. తెలిసీ పంపాడు. డబ్బు కోసం కాదట. సైన్యం తనకు పైమెట్టు, బ్రిగేడియర్ హోదా, ఇవ్వలేదన్న కోపమట. "ఇక్కడ నాకు శాలువాలు కప్పారు. వాళ్లు నా సలహా అడిగారు" అన్నది ఆయన వాంగ్మూలం.

నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది. కర్నల్లలో కొద్దిమందే బ్రిగేడియర్లు అవుతారు. మిగతావాళ్లు ఇంటికి వచ్చి మొక్కలకు నీళ్లు పోసుకుంటారు, దేశాన్ని అప్పగించరు. గంగాధర్ పద్నాలుగేళ్లలో ఎక్కింది రెండు మెట్లు. అతడు ఎవరి మీద అలిగాడు? పైగా ఈయన తన చేతికి మట్టి అంటకుండా, చదువురాని తల్లుల చేత ఆ పని చేయించాడు.

ఫొటోలు పంపిన సైనికుల మీదా చర్య తీసుకున్నారు. జవానుకు పింఛను రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు నిండాలి. ఇంకా ఏడు నెలలుండగా గంగాధర్‌ను తీసేశారు. లింగవ్వ మళ్లీ వచ్చింది. పింఛను మాట ఎత్తలేదు.

"సారు దొంగ, సరే. పేపర్ల నా కొడుకు పేరు గూడ ఏసిండ్రు. వాడేం జేసిండు మేడం? నేనడిగితెనే పంపిండు గద."

ఆ ముక్కే రాసి అర్జీ పెట్టాం. తల్లి అడగడం మినహాయింపు కాదని జవాబు వచ్చింది. నియమం తప్పని నేను అనను. దాన్ని అందరికన్నా బాగా తెలిసినవాడు దాన్ని ఆమె చేత దాటించాడు, నా కోపం అక్కడ.

నేను నేర్చుకున్నది ఒకటే. పతకం ఆ ఒక్క రాత్రికి సాక్ష్యం. తర్వాతి జీవితానికి కాదు. పతకం ఉన్నవాడినీ లేనివాడినీ ఒకే ప్రశ్న అడగాలి.

పోయినవి ఇవి: మా జిల్లా వాళ్ల ఉద్యోగాలు, ఏడు. చేతికందే ముందు పోయిన పింఛన్లు, రెండు. ప్రభుత్వం వెనక్కి తీసుకున్న పతకం, ఒకటి. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోస్తున్న గంగాధర్ తల్లితో మాట్లాడడం మానేశాడు, అదొకటి.