మనోహరాబాద్ స్టేషన్లో మా ఆయన నెత్తురు

మా ఆయన మెదక్‌లో ఒక దవాఖానలో ఎక్స్‌రే తీసేవాడు. నేను అదే దవాఖానలో, వరండాకు ఆ చివరనున్న ల్యాబ్‌లో నెత్తురు, ఉమ్మి పరీక్షలు చేసేదాన్ని. మా పెళ్ళి కుదిర్చింది కూడా అక్కడి నర్సమ్మలే. నేను చెప్పేది డెబ్బైల మొదట్లో సంగతి. అప్పట్లో ఎక్స్‌రే గదికి కిరణాలను ఆపే సీసపు తలుపు లేదు, తీసేవాడికి సీసపు కోటు లేదు. ఆయన ఒక చెక్క పలక అడ్డం పెట్టుకుని మిషను పక్కనే నిలబడేవాడు. చిన్నపిల్లలు కదులుతుంటే తనే వెళ్ళి పట్టుకునేవాడు. అది తప్పని ఎవరికీ తోచలేదు. చాలా ఊళ్ళలో పని అలాగే నడిచేది.

నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొదటిసారి మా అత్తమ్మ ఏడ్చింది. రెండోసారి ఏడవలేదు. నా మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, నీళ్ళు కాచి తానే స్నానం చేయించింది. మా ఆయన మాత్రం రెండుసార్లూ మూడోరోజే డ్యూటీకి పోయాడు. కొన్నాళ్ళకు పక్కింట్లోకి వినపడేంత గట్టిగా నవ్వే మనిషి నవ్వడం మానేశాడు. ఉక్కగా ఉందని మంచం వసారాలోకి మార్చుకున్నాడు. చలికాలం వచ్చింది, అయినా లోపలికి తెచ్చుకోలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తుంటే నేనే అడిగాను, నా మీద ఏమైనా కోపమా అని. అప్పుడు బయటపెట్టాడు. ఎక్స్‌రే కిరణాలు మనిషి బీజాన్ని కూడా చెడగొడతాయని పెద్ద డాక్టరు ఎవరితోనో అంటుండగా విన్నాడట. అప్పటినుంచి అదే మనసులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"నీ తప్పేం లేదు. నా నెత్తురే కరాబైంది," అన్నాడు.

రోజూ నెత్తురు చూసేదాన్నే. కానీ ఆయన అడుగుతున్నది నా మైక్రోస్కోపులో కనిపించే సంగతి కాదు.

ఆ తర్వాతనే హైదరాబాదు నుంచి ఒకామె వచ్చింది. అక్కడి ఒక పరిశోధనశాలలో పనిచేసేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. నేతచీర, చేతిలో వెదురు బుట్ట, అందులో మూత బిగించిన గాజు ట్యూబులు. ఎక్స్‌రే దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ నెత్తురు తీసుకుని, ఆ కిరణాలు లోపల దెబ్బ కొట్టాయో లేదో చూస్తున్నామని చెప్పింది. తెల్లకణాల లోపల దారప్పోగుల్లాంటివి ఉంటాయట. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు వచ్చేది వాటివల్లేనట. కిరణాలు మరీ ఎక్కువగా తగిలితే అవి అక్కడక్కడ తెగుతాయనీ, తెగిన ముక్కలు కనిపిస్తాయనీ చెప్పింది. ఆ పోగుల్లో ఉండేదాన్నే ఇప్పుడు బడిపిల్లలు కూడా డి.ఎన్.ఏ. అంటున్నారు. నేను ఆ మాట మొదట విన్నది ఆమె నోటనే.

పోల్చి చూడటానికి ఎక్స్‌రే గదితో సంబంధం లేనివాళ్ళ నెత్తురు కూడా కావాలంది. నాది ఇస్తానన్నాను. పెద్ద డాక్టరు చెప్పాడు గనుక మా ఆయన కాదనలేక చెయ్యి చాపాడు, మొహం గోడవైపు తిప్పుకుని.

సాయంత్రం కావడంతో ట్యూబులు మా ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున బస్సుకు తీసుకుపోదామనుకుంది. ఆ ఫ్రిజ్ ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. ఆ రాత్రి ఎందుకో విపరీతంగా చల్లబడింది. పొద్దున తలుపు తీసి చూస్తే ట్యూబుల్లో నెత్తురు ఐసుగడ్డలా ఉంది. ఒక ట్యూబు పగిలింది కూడా. ఆమె వాటిని పైకెత్తి చూసి, మా స్టూలు మీద కూలబడింది. కణాలు చచ్చిపోయాయనీ, కరిగించినా లాభం లేదనీ, తనకు కావలసింది బతికున్న నెత్తురనీ చెప్పింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. నేను టీ తెప్పిస్తే తాగి, మళ్ళీ ఆలోచిస్తానని వెళ్ళిపోయింది.

మా ఆయన ఈ మాట విని, దేవుడికే ఇష్టం లేదన్నాడు. ఇంకోసారి ఇవ్వనన్నాడు. నాకు అర్థమైంది. తెలియకపోతే ఎంతోకొంత ఆశ ఉంటుంది. తేలిపోతే అదీ ఉండదు.

ఎండాకాలం మొదట్లో ఆమె కొత్త ఏర్పాటుతో కబురు పంపింది. ఈసారి నెత్తురు రాత్రిపూట నిల్వ పెట్టొద్దు, పొద్దున్నే తీసి మొదటి బస్సుకే పంపాలి. గడ్డకట్టకుండా మందు వేసిన ట్యూబులు, వెడల్పు మూతి ఫ్లాస్కు ఒకటి వచ్చాయి. అడుగున ఐసు, దాని మీద మందంగా దూది, దూది మీద ట్యూబులు. ఐసు ట్యూబుకు తగలకూడదు, ఎండ తగలకూడదు. ముట్టుకుంటే చల్లగా ఉండాలి, అంతే. నెత్తురు తీసే పని నాకు వచ్చు గనుక నన్నే తీయమంది.

మా ఆయనకంటే ముందు ఆ దవాఖానలో ఎక్స్‌రే తీసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. పని మానేసి శంకరంపేటలో పొలం చూసుకుంటున్నారు. మా ఆయనకు పని నేర్పింది ఆయనే. హైదరాబాదు ఆమె ఆయన నెత్తురు కూడా అడిగింది గనుక ముందురోజే వచ్చి మా ఇంట్లో దిగారు. అన్నం తినేటప్పుడు ఆయన చేతివైపు చూడకుండా ఉండటం నాకు కష్టమైంది. కుడిచేతి వేళ్ళు నల్లబడి, చర్మం బీటలు వారి, గోళ్ళు ముక్కలై ఉన్నాయి. మిషను వెలుగు సరిచూసుకోవడానికి వెనకటివాళ్ళు తమ చెయ్యే అడ్డం పెట్టుకునేవారట.

అన్నాలయ్యాక మా ఆయన తన ఉద్దేశం చెప్పాడు, తాను ఇవ్వనని. పెద్దాయన చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన ముందు కూర్చున్నారు. తడి చెయ్యి చాపి చూపించారు.

"నా చేతి ఏళ్ళు జూడు. గిట్లయితదని నాకు చెప్పెటోళ్ళు లేకుండిరి. నీకు చెప్తమని హైదరాబాద్ కెళ్ళి ఒస్తుండ్రు. ఒద్దంటవేందిరా?"

మా ఆయన తల దించుకున్నాడు. తెల్లవారి నేను ల్యాబ్ తలుపు తీసేసరికి చొక్కా చెయ్యి మడుచుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎందరికో సూది గుచ్చినదాన్ని. ఆయన చేతికి రబ్బరు పట్టీ మాత్రం రెండుసార్లు విప్పి కట్టాను. ఈసారి మొహం తిప్పుకోలేదు. ట్యూబు నిండేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వే తీస్కపో. ఇంకెవ్వరి చేతికియ్యకు," అన్నాడు.

పెద్దాయన నెత్తురు కూడా తీసుకున్నాను. నా చేతికి నర్సమ్మ గుచ్చింది. మూడు ట్యూబులతో ఫ్లాస్కు బుట్టలో పెట్టుకుని, మీద తడి తువ్వాల కప్పి, మొదటి బస్సెక్కాను.

తూప్రాన్ దాటిన కొంచెంసేపటికి బస్సు పొగలు కక్కుతూ ఆగిపోయింది. డ్రైవరు దిగి చూసి, ఇప్పట్లో కదలదన్నాడు. వెనక బస్సు మధ్యాహ్నం గాని రాదు. రోడ్డు పక్కన నీడ లేదు. బుట్టలో చెయ్యి పెట్టి చూస్తే ఫ్లాస్కు బాగానే ఉంది. కానీ దవాఖాన ఐసు గట్టిది కాదు, ఎంతసేపు నిలుస్తుందో తెలియదు. మనోహరాబాద్ స్టేషన్‌కు పోతే సికింద్రాబాద్ బండి దొరుకుతుందని కండక్టరు చెప్పి, అటు పోతున్న లారీని ఆపి నన్ను ముందు సీట్లో ఎక్కించాడు.

స్టేషన్‌కు చేరేసరికి ఎండ మండిపోతోంది. బండికి ఇంకా టైముందట. మూత తీసి చూస్తే ఐసంతా నీళ్ళయింది, దూది తడిసింది. ప్లాట్‌ఫారం మీద బెంచీ కాలుతోంది. స్టేషన్ మాస్టరు గదిలో మాత్రం ఒక మూల తడి ఇసుక మీద నీళ్ళకుండ కనిపించింది. లోపలికి వెళ్ళి, నా బుట్టను ఆ కుండ పక్కన కాసేపు పెట్టనివ్వమని అడిగాను. నడివయసు మనిషి. కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూశాడు.

"ఏమున్నదమ్మా అండ్ల?"

"నెత్తురు సార్."

"ఎవ్వరిది?"

"ఒకటి మా ఆయనది."

ఆయన లేచి నిలబడ్డాడు. నా మెడవైపు, చేతులవైపు చూశాడు. గొంతు తగ్గించి, మీ ఆయన ఉన్నడా అని అడిగాడు. ఉన్నడు సార్, డ్యూటీల ఉన్నడు, పొద్దున నేనే తీసిన అన్నాను. అంతసేపూ బిగబట్టుకున్నదానికి నాకు ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. ఆయనకూ నవ్వొచ్చింది. అప్పుడు సంగతంతా చెప్పాను. హైదరాబాద్ చేరేదాకా ఈ నెత్తురు బతికుండాలని చెప్పాను.

"గీ ఎండల మనమే బతుకుతలేము," అంటూ ఆయన చెంబుతో కుండలోని నీళ్ళు ఇసుక మీద చల్లాడు. కుండ ఎత్తి పక్కన పెట్టి, అది ఉన్న గుంటలోనే నా ఫ్లాస్కును మెడదాకా కూర్చోబెట్టాడు. ఇసుక మీద నీళ్ళు ఆరినప్పుడల్లా మళ్ళీ చల్లాడు. బండి వచ్చేసరికి ఆయన తాగడానికి కుండలో ఏమీ మిగల్లేదు. గార్డుతో ఏదో చెప్పి నన్ను ఎండ పడని వైపు కూర్చోబెట్టించాడు.

పరిశోధనశాలకు చేరేసరికి నా చీర చెమటకు ఒంటికి అంటుకుపోయింది. ఆమె ట్యూబులు తీసి ఒక్కొక్కదాన్నీ అరచేతిలో పట్టుకుని చూసింది. మెల్లగా పైకీ కిందికీ వంచింది. బాగున్నాయంది. తర్వాత అందులోంచి కొంచెం తీసి, ఏవో మందులు కలిపి, మనిషి ఒంటి వేడంత వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టింది. ఇంతదూరం చల్లగా తెమ్మని ఇప్పుడు వెచ్చగా పెడతారా అని అడిగాను. దారిలో అవి నిద్రపోవాలి, ఇక్కడ మేలుకుని పెరగాలి, పెరిగేటప్పుడే ఆ పోగులు కనిపిస్తాయని చెప్పింది. మంచినీళ్ళిచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, సాయంత్రం బస్సుకు తానే వచ్చి ఎక్కించింది.

తర్వాత ఎన్నో వారాలు ఏ కబురూ లేదు. మా ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆమే మెదక్ వచ్చింది. ఇలాంటివి మనిషికే చెప్పాలని వచ్చానంది. మా ఇద్దర్నీ ల్యాబ్‌లో కూర్చోబెట్టింది. మా ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలను చూస్తున్నాడు.

"మీ ఇద్దరి స్లైడ్లూ పేర్లు కనపడకుండా పక్కపక్కన పెట్టించుకుని చూశాను. ఏది ఎవరిదో చెప్పలేకపోయాను," అంది.

మా ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నాకైంది. ఆయన నావైపు చూసి, తర్వాత ఆమెవైపు చూశాడు.

"అంటే నా నెత్తురు కరాబు కాలేదా మేడం?"

"కాలేదండీ. ఎక్కడో ఒకటీ అరా తెగినవి అందరిలో ఉంటాయి. ఈమెలోనూ ఉన్నాయి."

కడుపు నిలవకపోవడానికి ఎన్నో కారణాలుంటాయనీ, ఈ పరీక్ష అవన్నీ చెప్పలేదనీ, కానీ ఎక్స్‌రే వల్లే అనుకోవడానికి తనకు ఏమీ కనిపించలేదనీ దాచకుండా చెప్పింది. ఇకమీదట సీసపు కోటు లేకుండా ఆ గదిలో అడుగుపెట్టొద్దని మా ఆయనకూ, ఆ కోటు తెప్పించి తీరాలని పెద్ద డాక్టరుకూ గట్టిగా చెప్పింది. కోటు వచ్చింది. మోయలేనంత బరువుండేది.

పెద్దాయన నెత్తురులో మాత్రం తెగిన పోగులు చాలా ఉన్నాయట. ఆయనకూ ఆమే శంకరంపేట వెళ్ళి చెప్పింది. ఆ వేళ్ళను చూసి, ఒక పుండు తనకు నచ్చలేదని హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళింది. ఒక వేలు తీసేశారు. ఇంకొంతకాలం ఆగితే చెయ్యే పోయేదట. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు పొలం చేసుకుంటూ బతికారు. మాకు మరుసటి ఏడాది ఆడపిల్ల పుట్టింది, దాని వెనక ఇంకొకరు. పరీక్ష వల్ల పుట్టారని నేననను. భయం పోయాక పుట్టారు.

ఆమె వచ్చి చెప్పిన రోజు మా ఆయన మధ్యాహ్నం సెలవడిగి ఇంటికి వచ్చాడు. వాన పడుతోంది. అత్తమ్మ పెట్టిన అన్నం తిని, ఇంకా పెట్టమని తిని, లోపలి మంచం మీద కాళ్ళు బారచాపుకుని నిద్రపోయాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంకా నిద్రలోనే ఉన్నాడు. ఎన్నో నెలలుగా ఆయన అంత నిద్రపోవడం నేను చూడలేదు. గురక వినిపిస్తోంది. జరమేమో అని అత్తమ్మ రెండుసార్లు నుదురు ముట్టుకుని చూసిందట.

"ఏం లేదు అత్తమ్మా. పండనియ్యుండ్రి," అన్నాను.